భద్రాచలములో రాహుకాలము ఎప్పుడు?

ఖమ్మము నుండి భద్రాచలము పోవు త్రోవలో ఏ ఊరి దుకాణమున చూచినను గోడకు ఒక క్యాలెండరు వ్రేలాడుచుండును. తేదీ క్రింద సన్నని అక్షరములతో తిథి, నక్షత్రము, వర్జ్యము, దుర్ముహూర్తము ఉండును. పుట అడుగున రాహుకాలముల పట్టిక ఉండును. సోమవారము 7-30 మొదలు 9-00 వరకు, శనివారము 9-00 మొదలు 10-30 వరకు, శుక్రవారము 10-30 మొదలు 12-00 వరకు, బుధవారము 12-00 మొదలు 1-30 వరకు - ఇట్లు ఏడు వారములకు ఏడు కాలములు. సంవత్సరము మారినను ఈ పట్టిక మారదు. హైదరాబాదులో ఏది సోమవారపు రాహుకాలమో దుమ్ముగూడెములోను, శబరి ఒడ్డున నున్న చింతూరులోను అదియే.

మొదట విచారింపదగినది ఈ మార్పులేనితనమే. పట్టికను నమ్మువారు అది ఎట్లు పుట్టినదని అడుగరు. దానిని పరిహసించువారును అడుగరు. అడిగినచో వింతయైన సంగతులు కొన్ని తేలును.

రాహుకాలమును గణించు విధి తేలికైనది. సూర్యోదయము మొదలు సూర్యాస్తమయము వరకు గల పగటిని 8 సమభాగములు చేయవలెను. సోమవారము 2వ భాగము, శనివారము 3వ భాగము, శుక్రవారము 4వది, బుధవారము 5వది, గురువారము 6వది, మంగళవారము 7వది, ఆదివారము 8వది రాహుకాలమగును. సూర్యుడు సరిగా 6 గంటలకు ఉదయించి సరిగా 6 గంటలకు అస్తమించినచో ఒక్కొక్క భాగము గంటన్నర యగును. అప్పుడు క్యాలెండరులోని పట్టిక లభించును. అనగా ఆ పట్టికలోని అంకెలు ఒక ఊహాదినమునకు చెందినవి.

భద్రాచలము 80.9 డిగ్రీల తూర్పు రేఖాంశమున, 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. జూన్ 21వ తేదీన అచ్చట సూర్యుడు సుమారు 5-33కు ఉదయించి 6-44కు అస్తమించును. పగలు 13 గంటల 11 నిమిషములు. అందు ఎనిమిదవ వంతు దాదాపు 99 నిమిషములు. డిసెంబరు 21వ తేదీన ఉదయము 6-32కు, అస్తమయము 5-37కు. పగలు 11 గంటల 5 నిమిషములు, ఎనిమిదవ వంతు 83 నిమిషములు. ఈ లెక్కన సోమవారపు రాహుకాలము జూన్ చివరి పక్షమున 7-12 మొదలు 8-51 వరకు, డిసెంబరు చివరి పక్షమున 7-55 మొదలు 9-18 వరకు ఉండవలెను. ఈ లెక్కను 8వ తరగతి విద్యార్థి పలక మీద చేయగలడు.

ఇప్పుడు డిసెంబరు నెలలో ఒక సోమవారము భద్రాచలము బస్సు స్టాండులో నిలుచున్న ప్రయాణికుని తలచుకొనవలెను. 7-40 బస్సు వచ్చినది. రాహుకాలమని అతడు ఎక్కలేదు. గోడ మీది గడియారము 9-00 దాటిన పిమ్మట 9-05 బస్సులో నిశ్చింతగా కూర్చుండెను. శాస్త్రవిధి ప్రకారము చూచినచో అతడు విడిచినది మంచి బస్సు, ఎక్కినది రాహుకాలపు బస్సు. చలికాలమంతయు, సోమవారము సోమవారము, పట్టికను నమ్మినవారు ఇట్లే పయనించుచున్నారు. ఈ పొరపాటును ఎవరును తమకు కలిగిన కష్టనష్టముల వలన కనిపెట్టలేదు. పట్టిక తప్పని పట్టి ఇచ్చినది కూడికలు, భాగహారములు మాత్రమే. ఒక కాలమునకు నిజముగా చెరుపు చేయు గుణమున్నచో, ఆ కాలము 20 నిమిషములు ప్రక్కకు జరిగిన సంగతి అనుభవమునకు తెలియకుండునా?

పంచాంగకర్తలలో శ్రద్ధగలవారు దినదినమునకు, ఊరూరికి వేరుగా గణించి ఇత్తురు. ఆ మాట ఒప్పుకొనవలసినదే. గోడ పట్టిక తప్పును వారి మీద వేయుట న్యాయము గాదు. అయినను వారు నిమిషము వరకు సరిచేసినది సూర్యోదయమును, రాహువును గాదు. సిద్ధాంత గ్రంథములలో రాహువనగా చంద్రుని మార్గము సూర్యుని మార్గమును ఖండించు స్థానము. ఆ స్థానము వెనుకకు జరుగుచు సుమారు 18.6 సంవత్సరములలో ఒక చుట్టు తిరిగి వచ్చును. అమావాస్యనాడో పూర్ణిమనాడో సూర్యచంద్రులు ఆ స్థానములకు చేరువగా ఉన్నప్పుడు గ్రహణము పట్టును. క్రీ.శ. 499 ప్రాంతమున ఆర్యభటుడు గ్రహణమునకు నీడయే కారణమని స్పష్టముగా వ్రాసెను. కావున రాహువు ఎప్పుడు ఎచ్చట ఉండునో గణితము చెప్పగలదు. రాహుకాలపు విధిలో ఆ గణితము ఒక్క అక్షరమైనను లేదు! రాహువు మేషమున ఉన్నను, తులయందున్నను, దిగంతమునకు పైన ఉన్నను, క్రింద ఉన్నను సోమవారమునకు రెండవ భాగమే. ఆకాశమునుండి ఇందులోనికి వచ్చినది సూర్యోదయాస్తమయములు మాత్రమే.

ఇక మిగిలినది వారము. తిథికి చంద్రుడు సాక్షి, నెలకు పూర్ణిమ సాక్షి. వారమునకు ఆకాశమున ఏ సాక్షియు లేదు. అది ఏడేసి రోజుల లెక్క. వేదాంగ జ్యోతిషమున ఏడు వారముల ప్రసక్తి లేదు. వారముతో తేదీ వేసిన మన ప్రాచీన శాసనములలో మధ్యప్రదేశములోని ఏరణ్ శాసనము ప్రసిద్ధము, అది క్రీ.శ. 484 నాటిది, అందు గురువారము పేర్కొనబడినది. గ్రహముల పేర్లతో వారములను లెక్కించు పద్ధతి పడమటి దేశముల నుండి హోరాశాస్త్రముతో కూడ ఈ దేశమునకు వచ్చినది. వారము లేనినాడు రాహుకాలమును ఉండుటకు వీలులేదు. అనాదియని చెప్పు ఆచారమునకు ఇట్లు ఒక ఆది దొరకుచున్నది.

ఆ పుటలోని అంశములన్నిటిని ఒకే త్రాసులో తూచరాదు. తిథి యనగా సూర్యచంద్రుల నడుమ 12 డిగ్రీల ఎడము. సాయంకాలము ఆకాశము చూచి పోల్చుకొనవచ్చును. శుక్రమౌఢ్యమనగా శుక్రుడు సూర్యకాంతిలో మరుగుపడుట. పెండ్లి ఆపవలెనా అనునది వేరు ప్రశ్న, గ్రహము కనబడకుండుట మాత్రము నిజము. సూర్యుడు 27 నక్షత్రములను సంవత్సరములో చుట్టివచ్చుటచే ఒక్కొక్క కార్తె సుమారు పదమూడున్నర రోజులుండును. జూన్ మొదటి వారము చివర మృగశిర కార్తె ప్రవేశించును; నైరృతి ఋతుపవనములు తెలంగాణమునకు చేరు దినములును దాదాపు అవియే. కార్తె చెప్పినను వాన రానిచో రైతు విత్తడు, మబ్బు చూచును. ఈ అడవిపట్టున కోయలు విత్తులకు ముందు విజ్జ పండుము చేసికొందురు. ఊరి పెద్దలు కూడి, నేలను, కాలమును చూచి దినము పెట్టుకొందురు. తునికాకు కోయువారు ఎండ ముదరక మునుపే అడవిలోనికి పోవుదురు. వారికి ఎండయే పంచాంగము. ఈ లెక్కలన్నియు ఏటేట వానతోను, పంటతోను, ఎండతోను ఒరసి చూడబడుచున్నవి. రాహుకాలమునకు అట్టి ఒరపిడి లేదు.

భద్రాచలమున కాలమును గూర్చి మాటలాడునప్పుడు శ్రీరామనవమి కల్యాణమును విడుచుట సాధ్యము గాదు. 17వ శతాబ్దమున పాల్వంచ పరగణా తహశీలుదారు కంచెర్ల గోపన్న కట్టించిన ఆలయమున చైత్ర శుద్ధ నవమినాడు మధ్యాహ్నము అభిజిల్లగ్నమందు సీతారాముల కల్యాణము జరుగును. పగటిని 15 ముహూర్తములుగా విభజింపగా నడిమిది, అనగా 8వది, అభిజిత్తు. అది సూర్యుడు నడినెత్తిన ఉన్న క్షణమునకు ఇరుప్రక్కల సమముగా పరచుకొని యుండును.

2024లో శ్రీరామనవమి ఏప్రిల్ 17న, బుధవారమునాడు వచ్చినది. ఆ దినమున భద్రాచలమున సూర్యుడు నడినెత్తికి వచ్చినది సుమారు 12-06కు. అభిజిత్తు 11-41 మొదలు 12-31 వరకు. అయితే బుధవారపు దుర్ముహూర్తము ఆ 8వ ముహూర్తమే! బుధవారపు రాహుకాలము 5వ భాగము గావున సరిగా 12-06కే ప్రారంభమగును. ఒకే పంచాంగము, ఒకే క్షణమును, ఒక గడిలో సర్వదోషహరమనియు మరియొక గడిలో పనికిరాదనియు చెప్పుచున్నది. కల్యాణము మాత్రము యథాప్రకారము మధ్యాహ్నమే జరిగినది. దేవునికి దోషము అంటదని భక్తులు సమాధానము చెప్పవచ్చును. అది భక్తికి సంబంధించిన మాట, దానితో ఇచ్చట వివాదము లేదు. కాని దోషము కాలమునందే ఉన్నదని ముహూర్తశాస్త్రము చెప్పుచున్నది గదా! ఆ మండపమున కూడి తలంబ్రాలు అందుకొన్న వేలాది మనుష్యులకును అది ఆ కాలమే.

మధ్యాహ్నమునకు ఇంత గౌరవమెట్లు వచ్చినదో ఊహించుట కష్టము గాదు. చెట్లు, కొండలు అడ్డమున్న చోట సూర్యోదయక్షణము తెలియదు. ఒక కర్ర పాతి నీడ చూచినచో మధ్యాహ్నము మాత్రము గడియారము లేకయే తెలియును. ఈ పనిని పాఠశాల ఆవరణలో చేయించిన ఉపాధ్యాయునకు మంచి పాఠము దొరకును. నిటారుగా పాతిన కర్ర నీడ అతి పొట్టిగా ఉన్న క్షణమును చేతి గడియారముతో పోల్చవలెను. భద్రాచలమున అది నవంబరు మొదటి వారమున 11-50కు, ఫిబ్రవరి రెండవ వారమున 12-21కి వచ్చును. 12-00 గంటలకు సరిగా వచ్చు దినములు బహు కొద్ది. ఇందుకు కారణములు రెండు. 1906 నుండి ప్రమాణముగా ఉన్న భారత కాలము 82.5 డిగ్రీల రేఖాంశమునకు, అనగా ఇంచుమించు కాకినాడకు చెందినది. అచ్చటికన్న భద్రాచలమున మధ్యాహ్నము ఆరున్నర నిమిషములు ఆలస్యము, ఖమ్మమున మరి మూడు నిమిషములు. భూమి కక్ష్య దీర్ఘవృత్తమగుటయు, భూమి ఇరుసు వంగి యుండుటయు కలిసి రెండవ కారణము. దీనిచే మధ్యాహ్నము సంవత్సరములో ముందు వెనుకలకు ఊగుచుండును.

భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున పర్ణశాల ఉన్నది. సీతారాములు వనవాసమున అచ్చట నివసించిరని ఈ ప్రాంతమువారు చెప్పుదురు. పుష్యమీ నక్షత్రమున పట్టాభిషేకము జరుగవలెనని దశరథుడు నిశ్చయింపగా, అదే పుష్యమినాడు రాముడు అడవికి బయలుదేరెనని రామాయణ కథ. ముహూర్తబలమును గూర్చి గట్టిగా వాదించువారు పర్ణశాలను చూచి వచ్చియు ఈ సంగతిని ప్రస్తావింపకుండుట చిత్రము.

బస్సు తప్పినచో పోవునది ఒక పూట. అన్ని ప్రయాణములు అట్టివి గావు. శబరి లోయలోను, చర్ల అడవులలోను వానకాలమున వాగులు పొంగినచో గర్భిణిని డోలీ కట్టి మోసికొని వచ్చి, తారురోడ్డు చేరిన పిమ్మట వాహనమెక్కించి భద్రాచలము ఆసుపత్రికి చేర్చవలసి యుండును. పాము కరచినవానికి విషహరమైన సూది మందు ఎంత త్వరగా పడిన అంత మేలు. అట్టివేళ జూన్ నెల రాహుకాలమునకై వేచినచో 99 నిమిషములు పోవును. ఆ నిమిషములకు మాత్రము నిజముగా చెరుపు చేయు గుణమున్నది.

పట్టణములలో ఇందుకు విరుద్ధమైన తొందర కనబడుచున్నది. 2019-21లో జరిగిన 5వ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున నూటికి 60.7 కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినవి. రాష్ట్రములన్నిటిలో ఇదియే హెచ్చు. ఇందుకు కారణములు పెక్కు. ముహూర్తము వానిలో ఒకటి మాత్రమే, ఎంత భాగమో ఆ సర్వే కొలువలేదు. అయినను మంచి లగ్నము చూచి కోత పెట్టించుకొను అలవాటు ఎల్లరు ఎరిగినదే. 39 వారములు నిండక మునుపు, వైద్యకారణము లేక ఇట్లు బిడ్డను వెలికి తీసినచో శిశువునకు ఊపిరి బాధ కలుగు అవకాశము హెచ్చు. లగ్నము సుమారు రెండు గంటలుండును. అందు నవాంశ యనగా 13 నిమిషములు. జన్మక్షణమని దేనిని ఎంచవలెను? శిరస్సు కనబడినప్పుడా, మొదటి ఏడుపు వినబడినప్పుడా, బొడ్డు కోసినప్పుడా? జ్యోతిష్కులలోనే ఏకాభిప్రాయము లేదు. హైదరాబాదునకు గణించిన లగ్నకాలమును భద్రాచలమున వాడినచో రేఖాంశభేదము చేతనే దాదాపు 10 నిమిషములు తేడా వచ్చును. నవాంశలో ముప్పాతిక భాగము అచ్చటనే పోయినది. ఆసుపత్రి గోడ గడియారము ఎంత వెనుకనో, ఎంత ముందో ఆ 10 నిమిషములలో చేర్చలేదు.