అజైడ్ వెనక నుంచే ఎందుకు వస్తుంది?

ఇంటర్ సెకండియర్ కెమిస్ట్రీలో హాలోఆల్కేన్ల పాఠం వచ్చిందంటే మచ్చ బొల్లారం, అల్వాల్ ట్యూషన్లలో నోటుబుక్కులన్నిటిలోనూ ఒకే పట్టిక దిగుతుంది. ప్రైమరీ అయితే ఎస్‌ఎన్‌2, టెర్షియరీ అయితే ఎస్‌ఎన్‌1, సెకండరీ అయితే సాల్వెంట్ చూసి తేల్చుకోవాలి. ఎప్‌సెట్ ఇంజనీరింగ్ పేపర్లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో కెమిస్ట్రీకి 40. ఆ హడావుడిలో పట్టిక అక్కరకొస్తుంది, కాదనలేం. పాఠం పట్టికతోనే ముగిసిపోవడమే బాధ. మన హైదరాబాద్ చుట్టుపక్కల ఎన్నో ఇళ్లకు అన్నం పెడుతున్నది ఆ మూడు వరుసల వెనకున్న కెమిస్ట్రీయే.

శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు వెళ్తే 1999లో మొదలైన జీనోమ్ వ్యాలీ. పటాన్‌చెరు వైపున్న మరో బొల్లారంలో బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలు. ఈ మందుల పరిశ్రమకు పునాది పడింది బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో. అక్కడ పనిచేసిన కె. అంజిరెడ్డే 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఈ ఫ్యాక్టరీల రియాక్టర్లలో ఒక కార్బన్ మీదున్న గ్రూపును తోసేసి మరో గ్రూపును కూర్చోబెట్టే పని నిత్యం జరిగేదే. దానికే న్యూక్లియోఫిలిక్ ప్రతిక్షేపణ అని పేరు. పట్టికలోని ఎస్‌ఎన్‌1, ఎస్‌ఎన్‌2 దానిలోని రెండు దారులు.

ఎస్‌ఎన్‌2లో కొత్త గ్రూపు ఎటు నుంచి వస్తుంది? పాత గ్రూపు ఉన్న వైపు నుంచి కాదు, సరిగ్గా దానికి ఎదురు వైపు నుంచి అని పుస్తకం చెబుతుంది. ఆ మాట ఎవరో ఊహించి రాసింది కాదు. 1896లో రీగా నగరంలో పాల్ వాల్డెన్ మాలిక్ ఆమ్లంతో పనిచేస్తూ, ప్రతిక్షేపణలో అణువు తన అద్దపు ప్రతిబింబంగా మారిపోవచ్చని చూపించాడు. కారణం మాత్రం అప్పటికి ఎవరికీ అంతుపట్టలేదు.

అది తేలింది 1935లో. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఎడ్వర్డ్ హ్యూస్, ఆయన సహచరులు చేసిన ప్రయోగం ఎంత అందమైనదో ఇంటర్ పిల్లలకు తప్పక చెప్పాలి. కాంతిని ఒకే వైపు తిప్పే 2-అయోడోఆక్టేన్‌ను అసిటోన్‌లో తీసుకుని, రేడియోధార్మిక అయొడైడ్ కలిపారు. అయోడిన్ పోయి అయోడినే వస్తుంది కాబట్టి పదార్థం మారదు. ఎన్ని అణువుల్లో మార్పిడి జరిగిందో రేడియోధార్మికత చెబుతుంది. ఎన్ని అణువులు తిరగబడ్డాయో కాంతి భ్రమణం చెబుతుంది. భ్రమణం తగ్గే వేగం, మార్పిడి వేగానికి సరిగ్గా రెట్టింపు వచ్చింది. తిరగబడిన ఒక్కో అణువు తిరగబడని ఇంకో అణువు భ్రమణాన్ని రద్దు చేస్తుంది కనుక రెట్టింపు. అంటే మార్పిడి జరిగిన ప్రతిసారీ అణువు తిరగబడుతోంది. కొత్తది ఎదురు వైపు నుంచి వస్తేనే అలా జరుగుతుంది. ల్యాబులో కుడిచేతి గ్లవ్‌ను లోపలి వైపు బయటికొచ్చేలా లాగి తీస్తే అది ఎడమచేతి గ్లవ్ అయినట్టే.

ఇప్పుడు ఎనర్జీ డయాగ్రామ్, అంటే చర్య సాగేకొద్దీ శక్తి ఎలా మారుతుందో చూపే బొమ్మ. ఎస్‌ఎన్‌2కు ఒకటే శిఖరం. ఆ కొన మీద పాత బంధం సగం తెగి, కొత్త బంధం సగం ఏర్పడి ఉంటుంది. కార్బన్ చుట్టూ చోటు ఇరుకైతే శిఖరం పెరుగుతుంది. ఇథైల్ హాలైడ్ వేగం 1 అనుకుంటే మిథైల్‌ది దాదాపు 30, ఐసోప్రొపైల్‌ది 0.02. గది ఉష్ణోగ్రత దగ్గర శిఖరం మోలుకు 5.7 కిలోజౌళ్లు తగ్గితే వేగం పదింతలవుతుంది. ఈ ఒక్క లెక్క తెలిస్తే మిథైల్ శిఖరం ఇథైల్ కన్నా ఎనిమిది కిలోజౌళ్లకు పైగా తక్కువని పిల్లలే గీసి చూపగలరు. పట్టికలో కనిపించనిది ఈ ఎత్తే.

ఎస్‌ఎన్‌1కు రెండు శిఖరాలు, నడుమ లోయలో పాత గ్రూపు వదిలిపోగా మిగిలిన కార్బోకాటయాన్. మొదటి శిఖరమే ఎత్తైనది, వేగాన్ని నిర్ణయించేది అదే. అక్కడ కొత్త గ్రూపుకు పని లేదు. టెర్షియరీ బ్యూటైల్ బ్రోమైడ్‌కు హైడ్రాక్సైడ్ ఎంత కలిపినా ఎస్‌ఎన్‌1 వేగం పెరగకపోవడానికి కారణం ఇదే. ఆ లోయ నిజంగా ఉందని జార్జ్ ఓలా 1960లలో సూపర్ ఆమ్లాల్లో కార్బోకాటయాన్లను నిలబెట్టి చూపించాడు. 1994లో నోబెల్ అందుకున్నాడు.

ఈ పాఠానికి మన నగరం ఇచ్చే గొప్ప ఉదాహరణ ఏజెడ్‌టీ. 1964లో డెట్రాయిట్‌లో జెరోమ్ హార్విట్జ్ క్యాన్సర్ కోసం తయారుచేసిన ఈ అణువు, 1987లో ఎయిడ్స్‌కు అనుమతి పొందిన తొలి మందు అయింది. గుంటూరులో పుట్టిన ఎ.వి. రామారావు డైరెక్టరుగా ఉన్న రోజుల్లో తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ దీని తయారీ పద్ధతిని రూపొందించింది. 1993లో మందుల కంపెనీ సిప్లా ఆ మందును అంతర్జాతీయ ధర కన్నా ఎంతో తక్కువకు తెచ్చింది.

ఏజెడ్‌టీ తయారీలోని చిక్కు చూడండి. థైమిడిన్ చక్కెర వలయంలో మూడో కార్బన్ మీద హైడ్రాక్సిల్ కింది వైపుకు ఉంటుంది. మందులో అదే చోట, అదే కింది వైపున అజైడ్ గ్రూపు ఉండాలి. నేరుగా ఎస్‌ఎన్‌2 చేస్తే అజైడ్ పైకి పోతుంది. అందుకని బాగా తెలిసిన ఒక మార్గంలో రెండుసార్లు తిప్పుతారు. హైడ్రాక్సిల్ తనంతట తాను వదిలిపోదు కనుక ముందు దాన్ని తేలిగ్గా వదిలిపోయే మెసిలేట్‌గా మారుస్తారు. అప్పుడు అణువులోని థైమిన్ ఆక్సిజనే పై నుంచి వచ్చి మెసిలేట్‌ను వెళ్లగొడుతుంది. తర్వాత అజైడ్ కింది నుంచి వచ్చి ఆ ఆక్సిజన్‌ను తోసేస్తుంది. రెండు మలుపులతో లెక్క సరిపోయింది. ఎయిడ్స్ వైరస్ తన డీఎన్ఏ గొలుసులో ఈ అణువును కలుపుకుంటే, తర్వాతి లింకు పట్టుకోవాల్సిన చోట హైడ్రాక్సిల్ ఉండదు. గొలుసు అక్కడే ఆగిపోతుంది.

ఇదే అజైడ్ ప్రాణాల మీదికి కూడా తెస్తుంది. సోడియం అజైడ్ ఉన్న చోట డైక్లోరోమీథేన్ వాడితే, రెండు క్లోరిన్ల స్థానంలోనూ అజైడ్ చేరి పేలిపోయే స్వభావమున్న డైఅజిడోమీథేన్ ఏర్పడగలదు. అక్కడ జరిగేదీ ప్రతిక్షేపణే. ఆమ్లం తగిలితే విషపూరితమైన, పేలే హైడ్రజోయిక్ ఆమ్లం. షిఫ్టులో నిలబడే కెమిస్టుకు ఏ సాల్వెంట్ ఎందుకు వాడకూడదో తెలియాలంటే మెకానిజం తెలిసి ఉండాలి. బ్యాచ్ షీటులో రాసి ఉంది కాబట్టి వాడకపోవడం సరిపోదు. షీటులో లేని పరిస్థితి ఎదురైన రోజున కాపాడేది అర్థమైన చదువే.

కాబట్టి ఇంటర్ లెక్చరర్లకు ఒక మనవి. ఈ ఏడాది పట్టిక రాయించే ముందు ఒక్క పీరియడ్ కేటాయించండి. పిల్లల చేత రెండు డయాగ్రాములూ గీయించండి, ఏజెడ్‌టీలో మూడో కార్బన్ ఎన్నిసార్లు తిరిగిందో వాళ్లనే లెక్కపెట్టమనండి. పట్టిక మర్నాడు రాసుకోవచ్చు.