మండలం సగటు, బోరు నీరు: కొనకనమిట్ల ప్రాంత ఫ్లోరైడ్ దత్తాంశ దృశ్యీకరణ – ఔచిత్య విమర్శ

వ్యాససంగ్రహం:

పరిశోధన గ్రంథాలలో రేఖాచిత్రాలు, పటాల వాడకం నానాటికీ పెరుగుతున్నది. వాటిని గీసే సాఫ్ట్‌వేర్ అందరికీ అందుబాటులో ఉన్నది గాని, గీసిన చిత్రాన్ని విమర్శించి చూసే అభ్యాసానికి మన బోధనలో తగినంత చోటు దక్కలేదు. పశ్చిమ ప్రకాశంలోని కొనకనమిట్ల, పొదిలి, మార్కాపురం ప్రాంతాల తాగునీటి ఫ్లోరైడ్ సమస్యను ఆధారంగా చేసుకొని, దత్తాంశ దృశ్యీకరణ సూత్రాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పటానికి ఎంచుకున్న ప్రమాణం తాగే మనిషికి దగ్గరగా లేకపోతే, అంకెలన్నీ సరైనవే అయినా చిత్రం అసత్యమే చెబుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: దత్తాంశ దృశ్యీకరణ, ఫ్లోరైడ్, కొనకనమిట్ల, సగటు, పటం, ఔచిత్యం.

1. ప్రవేశిక:

క్షేమేంద్రుడు 11వ శతాబ్దంలో ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా నిలిపాడు. ఏ అలంకారమైనా ఉండవలసిన చోట ఉంటేనే శోభ, లేకుంటే హాస్యాస్పదం అన్నది ఆ సిద్ధాంత సారం. ఈ కొలత రేఖాచిత్రానికి కూడా వర్తిస్తుంది. పరిశోధన గ్రంథంలో మూడు కొలతల వృత్తరేఖాచిత్రం కంటికి ఇంపుగా ఉండవచ్చు. అయితే అది పాఠకుడికి ఏ పోలికను సులభం చేసింది, ఏ పోలికను కష్టం చేసింది అన్నదే విమర్శకుడు అడగవలసిన ప్రశ్న. తాగునీటి విషయంలో ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీద మనుషుల ఎముకలు, పళ్ళు ఆధారపడి ఉన్నాయి. అందువల్ల ఇక్కడ ఔచిత్యం అలంకారశాస్త్ర చర్చగా మాత్రమే మిగలదు.

2. ప్రాంతం – సమస్య నేపథ్యం:

ఒకవైపు పొదిలి, మరొకవైపు మార్కాపురం ఉన్న మండలం కొనకనమిట్ల. భారతదేశ వైద్య సాహిత్యంలో ఈ ప్రాంతానికి ఒక విషాదకరమైన ప్రాథమ్యం ఉన్నది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్‌పై ‘ఇండియన్ మెడికల్ గెజిట్’లో ప్రచురించిన వ్యాసం మన దేశంలో ఈ వ్యాధిని నమోదు చేసిన తొలి రచనలలో ఒకటి. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు నాడు నెల్లూరు జిల్లాలోనివే. మనుషుల కంటే ముందు ఎద్దులు కీళ్ళు బిగిసి నడవలేకపోవడాన్ని రైతులే గమనించారని తరువాతి వైద్య రచనలు చెబుతాయి. అంటే తొలి పరిశీలకుడు రైతు. తొలి దత్తాంశం అతని కొట్టంలోనే ఉన్నది.

భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 1.0 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఆమోదయోగ్యం. మరో నీటివనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతి ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ కూడా 1.5. ఈ రెండు గీతలే మనం గీసే ప్రతి పటానికీ వెన్నెముక కావాలి.

3. సూత్రాలు – కన్ను దేనిని సరిగా కొలుస్తుంది?

విలియం ప్లేఫేర్ 1786లో కమ్మీ చిత్రాన్ని, 1801లో వృత్తరేఖాచిత్రాన్ని ప్రవేశపెట్టాడు. ఏ చిత్రాన్ని కన్ను ఎంత కచ్చితంగా చదువుతుందో 1984లో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ ప్రయోగాలతో పరిశీలించారు. ఒకే కొలబద్దపై ఉన్న స్థానాన్ని కన్ను అన్నింటికంటే సరిగా చదువుతుంది. పొడవు, కోణం, వైశాల్యం, ఘనపరిమాణం క్రమంగా దాని తరువాతివి. రంగు గాఢత చివరన నిలుస్తుంది. ఈ వరుసను దృష్టిలో ఉంచుకుంటే ఒక వైరుధ్యం కనబడుతుంది. నీటి నాణ్యతను చూపడానికి మనం తరచుగా ఎంచుకునేది రంగులు నింపిన మండలాల పటం. అంటే కన్ను అతి తక్కువ కచ్చితత్వంతో చదివే సాధనానికే అతి ముఖ్యమైన విషయాన్ని అప్పగిస్తున్నాం.

ఇక కొలబద్ద మొదలు విషయం. ఒక ఊరిలో ఫ్లోరైడ్ 1.4, పక్క ఊరిలో 1.6 అనుకుందాం. కమ్మీ చిత్రాన్ని సున్నా నుంచి కాక 1.2 నుంచి మొదలుపెడితే రెండో కమ్మీ మొదటిదానికి రెట్టింపు పొడవుగా కనిపిస్తుంది. నిజమైన తేడా సుమారు 14 శాతం, చిత్రం చూపే తేడా 100 శాతం. 1983లో ఎడ్వర్డ్ టఫ్టీ ప్రతిపాదించిన అసత్య గుణకం ప్రకారం ఇది ఏడు రెట్ల అతిశయోక్తి. అయితే ఈ ఉదాహరణలో మరో అంశం కూడా ఉన్నది. 14 శాతం తేడా చిన్నదే అయినా ఆ రెండు ఊళ్ళు 1.5 గీతకు చెరోవైపు ఉన్నాయి. కమ్మీని సాగదీయనక్కర లేదు, 1.5 దగ్గర అడ్డగీత గీస్తే చాలు. అతిశయోక్తి చెయ్యలేని పనిని ఔచిత్యం చేస్తుంది.

4. సగటు దాచే బావి:

ఒక ఊహాత్మక గ్రామంలో పది బోర్లు ఉన్నాయనుకుందాం. వాటి ఫ్లోరైడ్ విలువలు వరుసగా 0.5, 0.6, 0.6, 0.7, 0.7, 0.8, 0.8, 0.9, 3.2, 4.2. సగటు 1.3. మరొక గ్రామంలో పది బోర్లలోనూ 1.3 ఉన్నది. దాని సగటు కూడా 1.3. పటంలో రెండు గ్రామాలకూ ఒకే రంగు పడుతుంది. మొదటి గ్రామానికి కావలసింది రెండు బోర్లను తాగునీటికి వాడకుండా ఆపడం. మిగిలిన ఎనిమిది బోర్ల నీరు ఆమోదయోగ్యమే. రెండో గ్రామానికి కావలసింది బయటినుంచి మరో నీటివనరు. పరిష్కారాలు పూర్తిగా వేరైన రెండు సమస్యలను సగటు ఒకటిగా చేసి చూపింది. పైగా మొదటి గ్రామంలో ఏ బోరులోనూ 1.3 విలువ లేదు. ఎవరూ తాగని నీటికి రంగు వేసినట్లయింది.

ఒకే సగటు, ఒకే విచలనం ఉన్న దత్తాంశాలు గీసి చూస్తే ఎంత భిన్నంగా ఉంటాయో 1973లో అన్‌స్కోంబ్ నాలుగు ఉదాహరణలతో నిరూపించాడు. పై గ్రామాలకు తగిన చిత్రం బిందుచిత్రం. ఒక్కొక్క బోరుకు ఒక్కొక్క చుక్క, 1.0 వద్ద ఒక గీత, 1.5 వద్ద ఒక గీత. దీనికి గ్రాఫు కాగితం చాలు.

1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ కలరా మరణాలను జాన్ స్నో ఇంటింటి లెక్కన పటంలో గుర్తించాడు. దాని బలం అందులోని ప్రమాణంలో ఉన్నది. ప్రతి గుర్తు ఒక మరణం, పటం మధ్యలో ఒక పంపు. అవే మరణాలను పేటలవారీ సగటులుగా మార్చి రంగులు వేసి ఉంటే పంపు కనబడేది కాదు.

5. సరిహద్దు మారితే నీరు మారుతుందా?

ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాగా ఏర్పడింది. పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి, ఒంగోలు, చీరాల వైపు ప్రాంతాలు గుంటూరు నుంచి వచ్చాయి. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో చీరాల, పర్చూరు, అద్దంకి ప్రాంతాలు బాపట్ల జిల్లాకు, కందుకూరు ప్రాంతం నెల్లూరుకు వెళ్ళాయి.

ఈ మార్పులను గమనించకుండా జిల్లా సగటును సంవత్సరాల వెంట రేఖగా గీస్తే 2022 వద్ద ఒక మెట్టు కనిపించవచ్చు. ఆ మెట్టుకు కారణం భూగర్భంలో ఉండదు, రాజపత్రంలో ఉంటుంది. ఒక్క బావి నీరైనా మారకుండానే జిల్లా సగటు మారగలదు. అలాగే 1937 నాటి నివేదికను ‘ప్రకాశం’ పేరుతో వెతికే పరిశోధకునికి అది దొరకదు. కాబట్టి కాలక్రమ చిత్రాలకు జిల్లా పేరు కంటే ఊరి పేరు, బావి స్థానమే నమ్మదగిన ప్రమాణాలు.

6. రంగు, ఖాళీ, నునుపు:

పటాలలో మూడు అలవాట్లు ప్రత్యేకంగా విమర్శించదగినవి. మొదటిది, పరీక్షించని ఊరిని తెలుపుగా వదలడం. చదువరి దాన్ని సురక్షితం అనుకుంటాడు. తెలియనిదానికి వేరే గుర్తు, ఉదాహరణకు అడ్డగీతలు, తప్పనిసరి. రెండోది, ఎరుపు, ఆకుపచ్చల మీదే ఆధారపడటం. ఆ రెండింటినీ వేరుచేసి చూడలేనివారికి, నలుపు తెలుపు నకలు చదివేవారికి ఆ పటం మూగబోతుంది.

మూడోది నునుపైన పటం. కొన్ని బావుల విలువల ఆధారంగా మధ్య ప్రాంతాలను సాఫ్ట్‌వేర్ అంచనావేసి రంగులు కలిపేస్తుంది. పశ్చిమ ప్రకాశం నేల స్వభావం దీనికి అంతగా ఒప్పుకోదు. మార్కాపురం వైపు పలకరాయి, కనిగిరి వైపు గ్రానైటు ఉన్నాయి. కనిగిరి గ్రానైటులో ఫ్లోరైట్ ఖనిజాన్ని భూవిజ్ఞానులు గుర్తించారు. ఇలాంటి గట్టి రాతి ప్రాంతాలలో నీరు పగుళ్ళలో నిలుస్తుంది. ఒకే వీధిలోని రెండు బోర్లు రెండు వేర్వేరు పగుళ్ళను తాకవచ్చు. రంగుల నునుపు మనకు లేని జ్ఞానాన్ని ఉన్నట్లు చూపుతుంది.

7. శాతం అనే ఒక్క కమ్మీ:

పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు లక్ష్యం 43.5 టీఎంసీల కృష్ణా వరద జలాలతో 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15.25 లక్షల మందికి తాగునీరు అందించడం. సుమారు 18.8 కిలోమీటర్ల చొప్పున ఉన్న రెండు సొరంగాలను 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. ఇలాంటి పనుల ప్రగతిని ‘ఇంత శాతం పూర్తి’ అని ఒకే కమ్మీతో చూపడం పరిపాటి. కానీ సొరంగం, జలాశయం, నిర్వాసితుల పునరావాసం, కాలువలు గొలుసు కొక్కేల వంటివి. నాలుగింటిలో మూడు పూర్తయితే 75 శాతం నీరు రాదు, అసలు నీరే రాదు. ఈ సందర్భంలో ప్రతి దశకూ వేరే కమ్మీ గీయడమే ఉచితం.

8. ముగింపు:

- ఫ్లోరైడ్ దత్తాంశానికి బోరు ప్రాథమిక ప్రమాణం. మండల పటం గీయవలసి వస్తే సగటుతోపాటు 1.5 దాటిన బోర్ల సంఖ్య, పరీక్షించిన బోర్ల సంఖ్య రెండూ చూపాలి.

- నమూనా సేకరించిన నెల చిత్రంపైనే ఉండాలి. వానలకు ముందు, వానల తరువాత విలువలను ఒకే రంగులో కలపరాదు.

- దృశ్యీకరణ బోధన సాఫ్ట్‌వేర్‌తో కాక చేతిగీతతో మొదలుకావాలి. విద్యార్థి తన ఊరి పది బోర్ల విలువలను గ్రాఫు కాగితంపై గుర్తించిన తరువాతే సగటు కట్టాలి. అప్పుడే సగటు ఏమి దాచిందో అతనికి కనిపిస్తుంది.

బంగ్లాదేశ్‌లో ఆర్సెనిక్ పరీక్షలు జరిపినప్పుడు ప్రమాదకరమైన గొట్టపుబావుల మూతికి ఎరుపు, సురక్షితమైన వాటికి ఆకుపచ్చ రంగు పూశారు. ఆ రంగు జిల్లా కేంద్రంలోని పటంమీద కాక బిందె పెట్టే చోటే ఉన్నది. బిందెతో వచ్చిన మనిషికి అక్కడే జవాబు చెప్పింది. కొనకనమిట్ల వంటి ప్రాంతాల మీద పనిచేసే పరిశోధకులు తమ పటాలను ఆ బిందెకు ఎంత దగ్గరగా తేగలిగారో చూసుకోవడం అవసరం.