ఒత్తు పూడని పాళీ

పెన్నుల దుకాణంలో ఎవరైనా మొదట చేసే పని ఇంగ్లిషులో ఓ సంతకం గిలికి చూడటం. తెలుగు రాసేవాళ్లకు ఆ పరీక్ష చాలదు. ‘లక్ష్మి’, ‘మత్స్యం’, ‘ఝరి’ రాసి చూడాలి. మన అక్షరాలన్నీ గుండ్రాలు, వాటి కింద ఒత్తులు. పాళీ లావైతే గుడిలో సిరా నిండిపోతుంది, ఒత్తు ముద్దవుతుంది. సన్నక్షరాల వాళ్లకు ఫైన్, పెద్దక్షరాల వాళ్లకు మీడియం సరిపోతాయి. జపాన్ వాళ్ల ఫైన్ మామూలుగా యూరప్ ఫైన్ కంటే సన్నం. బ్రాడ్ సంతకాలకే.

సూర్యాపేట, కోదాడ వాళ్లకు మంచి పెన్ను కోసం హైవే మీద రెండు దిక్కులున్నాయి. పడమటికి వెళితే హైదరాబాద్ అబిడ్స్‌లో దక్కన్ పెన్ స్టోర్స్. తూర్పుకు, విజయవాడ దాటి వెళితే రాజమండ్రి. అక్కడ కె.వి. రత్నం 1932లో స్వదేశీ పెన్నుల తయారీ మొదలుపెట్టారు. ఆయన పంపిన పెన్ను అందుకుని గాంధీ 1935లో మెచ్చుకుంటూ జవాబు రాశారు. అదే గాంధీ పేరుతో మోబ్లాఁ కంపెనీ 2009లో 241 బంగారు పెన్నులు చేసి, ఒక్కోటి పదకొండు లక్షలకు పైగా ధర పెట్టింది. ఆ పేరు వాడకం మీద వ్యవహారం కేరళ హైకోర్టుకు వెళ్లింది, అమ్మకం ఆపాల్సి వచ్చింది.

రాజమండ్రి పెన్ను ఒళ్లు ఎబొనైట్. రబ్బరులో గంధకం కలిపి, వేడితో గట్టిపరిచిన సరుకది. ఆ కడ్డీని లేతుకు బిగించి చెక్కుతారు, బోలు చేస్తారు, మరలు కోస్తారు, చివరికి నునుపు పడతారు. లోహంలా చేతికి చల్లగా తగలదు, చెమట పట్టినా అంతగా జారదు. ఎండలో వదిలేస్తే మాత్రం నలుపు వెలిసి గోధుమరంగుకు తిరుగుతుంది.

డ్రాపరుతో సిరా నేరుగా ఒంట్లోనే పోసే రకంలో కాట్రిడ్జ్ కంటే చాలా ఎక్కువ పడుతుంది. మిర్యాలగూడ రైస్ మిల్లులో పొద్దస్తమానం పద్దులు రాసే గుమాస్తాకు అది వరమే. చిక్కల్లా సిరా సగానికి దిగాకే. లోపలి గాలి చేతివేడికి ఉబ్బి సిరాను బయటికి నెడుతుంది. ఓ మే నెలలో సూర్యాపేట బస్సులో నా తెల్లచొక్కా జేబు నీలమైంది. తప్పు పెన్నుది కాదు, సగం సిరాతో ఆ ఎండలో జేబున పెట్టుకున్న నాది. తిరుగుడు ఉద్యోగమైతే కన్వర్టర్, అంటే సిరా పీల్చుకునే విడి గొట్టం, ఉన్న పెన్ను కొనుక్కోండి.

ఇక బంగారు పాళీ. 14 క్యారెట్లంటే నూటికి దాదాపు 58 పాళ్లు బంగారం. దానికి తుప్పు పట్టదు, నిజమే. కానీ కాగితాన్ని తాకేది బంగారం కాదు, కొసన అతికించిన గట్టి లోహపు బొట్టు. దాన్ని సరిగ్గా నూరకపోతే ఎంత ఖరీదు పాళీ అయినా గీరుతుంది. డబ్బు చాలకపోతే నేను మొదట వదులుకునేది బంగారాన్నే. సిరా దగ్గర మాత్రం జాగ్రత్త: బొమ్మలకు వాడే ఇండియన్ ఇంకు పోస్తే లక్క గడ్డకట్టి పెన్ను మూసుకుపోతుంది.

కొనడానికి వెళ్లేటప్పుడు మీరు రోజూ రాసే కాగితం నాలుగు తావులు వెంట తీసుకెళ్లండి. లాంగ్ నోటుబుక్కు కావచ్చు, కోర్టు కాగితం కావచ్చు. దుకాణంవాళ్లు ముందుకు తోసే నున్నటి ప్యాడ్ మీద ఏ పెన్నయినా బాగానే రాస్తుంది.