బాకా లేని లిలీ మార్లీన్

పోయినేడు ‘లిలీ మార్లీన్’ అనే జర్మన్ పాట ఉన్న సీడీ ఒకటి కొన్నాను. అట్ట మీద ‘1939 నాటి అసలు రికార్డింగ్’ అని బంగారు అక్షరాలు. పెట్టీ పెట్టగానే వయొలిన్లు గదినిండా శుభ్రంగా మోగాయి. పాడుతున్నది జర్మన్ గాయని లాలె ఆండర్సనే, అందులో సందేహం లేదు. కానీ బాకా ఏదీ?

1939 ఆగస్టు 2న బెర్లిన్‌లో ఎలెక్ట్రోలా కంపెనీ తీసిన రికార్డులో పాటకన్నా ముందు బాకా వినిపిస్తుంది. పొద్దుపోయింది, సిపాయిలంతా లోపలికి రావాలనే పిలుపు. కింద కవాతు దరువు, వెనక మగవాళ్ళ కోరస్. పాటలో సైనిక స్థావరం గేటు దగ్గర దీపం కింద ప్రియురాలితో నిలబడ్డ కుర్రాడికి గడువు తీరిపోయేది ఆ బాకాతోనే. అది తీసేస్తే వీడ్కోలు పాట కాస్తా వట్టి ప్రేమపాట అయిపోతుంది. నా సీడీలో ఉన్నది రెండో ప్రపంచయుద్ధం అయ్యాక లాలె మళ్ళీ పాడింది. బాగానే పాడింది, కాదనను. డబ్బులిచ్చింది మాత్రం దానికి కాదు.

ఒకే పాటకున్న వేర్వేరు రికార్డులను వెతికి పట్టుకోవడం నాకు పాత జబ్బు. ఈ పనిలో అట్టను నమ్మకూడదు. పాత 78 ఆర్‌పీఎం రికార్డును లైటు కింద ఏటవాలుగా పట్టుకుంటే, గాడి అయిపోయి లేబుల్ మొదలయ్యే నున్నటి చోట గోటితో గీసినట్టు చిన్న అంకెలు కనిపిస్తాయి. రికార్డును అచ్చొత్తే మూసకు కంపెనీ వేసిన నంబరు అది. లేబుల్ రంగు మారినా, ఇంకో దేశంలో అచ్చయినా మామూలుగా అది అలాగే ఉంటుంది. గాయని మళ్ళీ మైకు ముందు నిలబడితే మారుతుంది.

ఈ పాట దగ్గర పేరు కూడా మోసం చేస్తుంది. 1939లో అది బయటికొచ్చింది ‘ఓ కుర్ర కాపలావాడి పాట’గా. పోనీ మాటలను బట్టి పోల్చుకుందామంటే, అదే కవితను లాలె అంతకుముందే రుడాల్ఫ్ జింక్ వరుసలో పాడుతుండేది. మనందరికీ తెలిసిన వరుస నోర్బర్ట్ షుల్ట్‌సె 1938లో కట్టింది. కవిత ఇంకా పాతది: 1915లో హన్స్ లైప్ అనే సిపాయి రష్యా వైపు యుద్ధరంగానికి వెళ్ళబోతూ, ఇద్దరమ్మాయిల పేర్లు కలిపి రాసుకున్నాడు.

మొదట్లో ఆ రికార్డు ఏడొందల కాపీలకు మించి పోలేదంటారు. 1941లో జర్మన్లు బెల్‌గ్రేడ్‌ను ఆక్రమించి సైనికుల కోసం రేడియో పెట్టారు. వేయడానికి రికార్డుల్లేక వియన్నా నుంచి ఒక కట్ట తెప్పించుకుంటే అందులో ఇదీ వచ్చింది. ఇక రోజూ రాత్రి 9.57కి అదే. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో జర్మన్ సేనాని రోమెల్ సైనికులూ విన్నారు, ఎదుటి పక్షం బ్రిటిష్ ఎనిమిదో సైన్యమూ వింది. మన నాలుగో భారతీయ డివిజన్ పోరాడింది ఆ ఎడారిలోనే.

నాజీ ప్రచార మంత్రి గోబెల్స్‌కు ఈ ఏడుపుగొట్టు పాట గిట్టలేదు. 1942లో లాలెను వేదిక ఎక్కనివ్వలేదు. విచిత్రమేమంటే, అదే ఏడు బ్రిటిష్ సైనికుల చెవిన వేయడానికి జర్మన్లు ఆవిడ చేతే ఇంగ్లీషులో పాడించారు. 1944లో టామీ కానర్ రాసిన ఇంగ్లీషు మాటలను బ్రిటిష్ గాయని ఆన్ షెల్టన్ పాడింది. సినిమా తార మర్లీన్ డీట్రిచ్ అయితే అమెరికన్ గూఢచారి శాఖ కోసం, జర్మన్ సైనికుల మనసు కరగాలని, జర్మన్‌లోనే పాడింది. చాలామంది అసలు పాట ఆవిడదే అనుకుంటారు. నేనూ చాన్నాళ్ళు అలాగే అనుకున్నాను.

ఆ పాత రికార్డులు పోయడానికి వాడే లక్క యుద్ధకాలంలో కరువైంది. ఆ లక్క ఎక్కువగా పోయేది మన దేశం నుంచే, ఛోటా నాగపూర్ అడవుల చెట్లకొమ్మల నుంచి. సరుకు అందక పాత రికార్డులు పగలగొట్టి, కరిగించి, కొత్తవి పోశారు. ఏ పాట ఏ పాటలోకి కరిగిపోయిందో!

సీడీని పారేయలేదు. అట్ట మీది 1939ని కొట్టేసి, పక్కన పెన్సిలుతో ‘బాకా లేదు’ అని రాసి అరలో పెట్టాను.