ఎప్పుడు కాగుతోంది?

లారీ ఇంజిన్ హీటెక్కుతోందని చెప్పగానే స్పానర్ అందుకునే మెకానిక్కు మీద నాకు నమ్మకం తక్కువ. డ్రైవరును ముందు అడగాల్సిన మాట ఒకటుంది. ఎప్పుడు కాగుతోందన్నా?

చిత్తూరు నుంచి పలమనేరు వైపు లోడుతో మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడే ముల్లు పైకి పోయి, మెరక దాటాక దిగుతోందంటే, ముందు ఇంటర్‌కూలర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందు చూడాలి. ముందు నుంచి అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. ఆ సందులో మాత్రం ఊక, పురుగులు, ఆయిల్ తడి పట్టిన దుమ్ము పేరుకుని ఉంటాయి. నీళ్లు ఇంజిన్ వైపు నుంచి బయటికి కొట్టాలి, అదీ మెల్లగా. ప్రెషర్ ఎక్కువైతే ఫిన్నులు వంగిపోతాయి.

టోల్ గేటు దగ్గర ఆగినప్పుడు కాగి, రోడ్డెక్కి వేగం అందుకోగానే చల్లబడితే ఫ్యాను గాలి లాగడం లేదు. బెల్టు, ఫ్యాను క్లచ్ చూడండి. పొద్దున స్టార్ట్ చేసిన కాసేపటికే, నీళ్లు ఇంకా చల్లగా ఉండగానే పై హోస్ గట్టిపడి, రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తున్నాయా? హెడ్ గ్యాస్కెట్‌నే ముందు అనుమానించాలి.

నన్ను బాగా బాధపెట్టేది థర్మోస్టాట్ సంగతి. ‘మన ఎండలకు అదెందుకు’ అని పీకి పారేస్తారు. చాలా ఇంజిన్లలో అది 80 డిగ్రీలు దాటాక రేడియేటర్ దారి తెరుస్తూ, బైపాస్ దారిని మూస్తుంది. పీకేస్తే బైపాస్ తెరిచే ఉంటుంది. కాగిన నీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కు వెళ్లకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి పోతుంది. చల్లబరచడానికి చేసిన పనే ఘాట్‌లో కాగడానికి కారణమవుతుంది. చలికాలం తెల్లవారుజామున మాత్రం ఇంజిన్ ఎంతకీ వేడెక్కక డీజిల్ తాగుతుంది. అనుమానముంటే గిన్నెలో నీళ్లు కాచి, థర్మామీటరు పెట్టి, ఎక్కడ తెరుచుకుంటుందో చూస్తే సరిపోతుంది. అంత చిన్న పరీక్షకు ఓపిక లేక మంచి ఇంజిన్లను పాడుచేసుకుంటున్నాం.

దాబా దగ్గర పోసే బోరు నీళ్లదీ అలాంటి కథే. అందులోని ఉప్పులు లైనర్ల చుట్టూ పొరకట్టి వేడిని నీళ్లలోకి పోనివ్వవు. ఆ లారీకి చెప్పిన కూలెంట్‌నే, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయించండి. రేడియేటర్ మూత కూడా చూడాలి. అది పట్టి ఉంచే ఒత్తిడి వల్లే నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. వేడి మీద దాన్ని తెరిస్తే ముఖం కాలిపోతుంది, ఎంత తొందరున్నా చల్లారనివ్వండి.

నీళ్లు రోజూ ఎంత తగ్గుతున్నాయో కూడా డ్రైవరుకే తెలుసు. కింద చుక్క కారకుండా తగ్గుతుంటే డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిసిన కాఫీలా ఉంటే ఆ బండిని మళ్లీ స్టార్ట్ చేయొద్దు.