పల్లమంతా దోషమేనా? చెరువుల నేలపై జి.ఐ.ఎస్. ప్రవాహ విశ్లేషణ – ఒక విమర్శ

జి.ఐ.ఎస్. ఆధారిత జలవనరుల పరిశోధనల్లో తొలి మెట్టు దాదాపు ఒకటే. డిజిటల్ ఎలివేషన్ మోడల్‌లో చుట్టుపక్కల గడులకంటే పల్లంగా ఉన్నవాటిని ‘ఫిల్’ ప్రక్రియతో పూడ్చి, ఆ తర్వాత ప్రవాహ దిశను, ప్రవాహ సంచయాన్ని లెక్కిస్తారు. 1988లో జెన్సన్, డొమింగ్ వివరించిన ఈ క్రమం నేడు సాఫ్ట్‌వేర్‌లో ఒక మీట నొక్కితే పూర్తవుతుంది. పల్లం కనిపిస్తే అది దత్తాంశ దోషమేనన్న భావన దీనికి పునాది. తెలంగాణ, రాయలసీమల గొలుసుకట్టు చెరువుల నేలపై ఈ భావన నిలవదు.

చెరువు స్వభావరీత్యా పల్లమే. వాగుకు అడ్డంగా కట్ట కట్టి, మిగులు నీటిని అలుగు గుండా దిగువ చెరువుకు వదలడం గొలుసుకట్టు పద్ధతి. ఫిల్ ప్రక్రియ ఆ పల్లాన్ని పొర్లే మట్టం వరకు పూడ్చి చదును చేస్తుంది. చదునులో వాలు లేనందున ప్రవాహ దిశను కృత్రిమంగా కల్పించవలసి వస్తుంది. పటాలపై కనిపించే సమాంతర సరళరేఖల వంటి వాగులు చాలావరకు దీని ఫలితమే. కొన్ని మీటర్ల వెడల్పున్న కట్ట 30 మీటర్ల గడి సగటులో కలిసిపోతుంది. అందువల్ల నీరు అలుగు దగ్గర కాక, నమూనాలో కట్ట తగ్గినట్లు కనిపించిన చోట దాటుతుంది. 2000 ఫిబ్రవరిలో రాడార్‌తో సేకరించిన ఎస్.ఆర్.టి.ఎం. దత్తాంశం నిండిన చెరువులో నీటి ఉపరితలాన్నే చూపుతుంది, అడుగును కాదు.

పటంలోని వాగుల వెంట నమూనాను లోతు చేసే పద్ధతి మరొక పరిష్కారంగా వాడుకలో ఉంది. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ దీర్ఘవృత్తాభంపై, ఉపగ్రహ దత్తాంశం డబ్ల్యు.జి.ఎస్.84పై ఆధారపడతాయి. ఈ తేడాను సవరించకపోతే వాగు కొన్ని గడులు పక్కకు జరిగి, ఒకే వాగు జంట వాగులుగా కనిపిస్తుంది.

పూడ్చిన నమూనా నుంచి మూల నమూనాను తీసివేస్తే ఏ పల్లం ఎంత లోతున పూడిందో తెలుస్తుంది. ఆ పల్లాలను టోపోషీటుతో, ఉపగ్రహ చిత్రంతో, అవసరమైతే క్షేత్ర పరిశీలనతో పోల్చాలి. నిజమైన చెరువును నిల్వగా ఉంచి, అలుగు స్థానాన్ని విడిగా గుర్తించాలి. రోడ్డు కల్వర్టు వద్ద ఏర్పడిన కృత్రిమ పల్లాన్ని పూడ్చడంకంటే దారి కోయడం సముచితం. వాగును నిర్ణయించే సంచయ పరిమితి మారితే వాగుల సాంద్రత మారుతుంది కనుక ఆ విలువను, దాని ఎంపికకు కారణాన్ని వ్యాసంలో పేర్కొనాలి.

ఎగువ చెరువులు ఆపే నీరు లెక్కలోకి రాకపోతే, దిగువ చెరువుకు లేని నీరు ఉన్నట్లు తేలుతుంది. అటువంటి అంచనాపై పునరుద్ధరణ ప్రణాళిక రూపొందితే దాని మూల్యం చెల్లించేది చివరి ఆయకట్టు రైతు. దత్తాంశాన్ని సరిదిద్దే ముందు నేలను చదవడం అందుకే అవసరం.