అహల్య కథ: సమ్మతి, విచారణ, తారతమ్యం

అహల్యది తప్పా, ఆమెకు జరిగింది అన్యాయమా అన్న ప్రశ్నకు మన కావ్యపరంపర ఒకే జవాబు చెప్పలేదు. వాల్మీకి బాలకాండలో, మునివేషంలో వచ్చినవాడు ఇంద్రుడని తెలిసే ఆమె సమ్మతించింది. ఉత్తరకాండలో తెలియక మోసపోయింది. 18వ శతాబ్ది ఆరంభాన మధుర నాయకరాజుల కాలంలో సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు రచించిన 'అహల్యా సంక్రందనము'లో పెండ్లికి ముందే ఇంద్రుణ్ణి వలచింది. తమిళనాట పుట్టిన ఈ తెలుగు ప్రబంధాన్ని శృంగారం మితిమీరిందని పక్కన పెట్టినవారున్నారు. స్త్రీకి కోరిక ఉంటుందని ఒప్పుకున్నందుకు ఈ కవిని మేము మెచ్చుకుంటాము. అయితే ఆ వలపు వెలుగులో ఇంద్రుడి కపటవేషం చిన్నదైపోవడం ఈ కావ్యంలోని లోపమే.

ఈ ముగ్గురు అహల్యలకూ ఒకే తీర్పు సరిపోదు. వలపు వేరు, వంచన వేరు.

ఓల్గా 'విముక్త' సంపుటిలోని 'మృణ్మయనాదం' ఇంకో అడుగు ముందుకు వేసింది. తెలిసి చేసిందా, తెలియకా అని ఆమెను విచారించే అధికారం ఎవరిదని అక్కడ అహల్య నిలదీస్తుంది. ఈ ప్రశ్నకు మన చట్టచరిత్రే సాక్ష్యం. అత్యాచార కేసులో ఫిర్యాదు చేసిన స్త్రీ నడత మంచిది కాదని చూపి ఆమె సాక్ష్యాన్ని కొట్టివేయించే వీలు 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉండేది. దాన్ని తొలగించింది 2002 సవరణ.

కానీ విచారణే వద్దంటే నింద పడ్డవాడికీ, నష్టపోయిన స్త్రీకీ న్యాయం దొరికే దారి ఏది? కథ ఈ చిక్కును తాకకుండా వదిలేసింది. 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్లలోపువారి సమ్మతిని లెక్కలోకి తీసుకోదు. పసివారిని కాపాడటానికి ఆ కట్టుబాటు అవసరమే. అయితే పదిహేడేళ్ల పిల్ల, పంతొమ్మిదేళ్ల పిల్లవాడు పరస్పరం ఇష్టపడినా, పసిబిడ్డపై దౌర్జన్యం జరిగినా కేసు ఆ చట్టం కిందికే వస్తుంది. పశ్చిమ బెంగాల్ కేసు ఒకదానిలో 2024లో నేరాన్ని నిర్ధారించిన సుప్రీంకోర్టు, ఆనాటి బాలికను ఆ నేరం కన్నా తరువాతి చట్టప్రక్రియే ఎక్కువ బాధించిందని గ్రహించి, 2025లో శిక్ష విధించకుండా వదిలింది. దీన్ని ఇతర కేసులకు ఉదాహరణగా తీసుకోరాదనీ చెప్పింది.

తారతమ్యం చూడడమంటే ఇంద్రుణ్ణి క్షమించడం కాదు. ఇంద్రుడెవరో, కాని వాడెవడో తేల్చుకోవడం. ఆ తేల్చుకోవడంలో అహల్యను మళ్లీ శపించకపోవడం. అహల్య కథలను పక్కపక్కన పెట్టి చదివే విద్యార్థులకు ఈ వివేకం అలవడుతుందని మా నమ్మకం.